గుంటలో కాళ్లు

మగ్గం తీసేస్తానని మా పానకాలు నాకు విమానంలో చెప్పాడు. నేలమీద చెబితే చేట తిరగేస్తానని భయం. అందుకే నడుముకి బెల్టు బిగించి కూర్చోబెట్టి, చేతిలో చాక్లెట్టు పెట్టి మరీ చెప్పాడు.

"మనం తిరిగి ఇంటికి వెళ్లగానే మేస్త్రీ వస్తాడమ్మా. గుంట పూడ్చి, పైన గచ్చు చేయించి, ముందుగదంతా షోరూం చేసేస్తా. నువ్వు కష్టపడింది చాల్లే."

"నాకు కష్టంగా ఉందని నీతో చెప్పానా?" అన్నాను. నా కడుపున పుట్టిన కొడుకు కిటికీలోంచి మబ్బులు చూడసాగాడు.

మంగళగిరిలో మాది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వదిలి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. పద్నాలుగో ఏట కాపురానికి వచ్చినప్పటి నుంచీ నా కాళ్లు అందులోనే ఉన్నాయి. మొదట్లో వాడి నాన్నా నేనూ వంతులేసుకుని నేసేవాళ్లం, ఆయన పోయాక ఆయన కూర్చున్న చోటే ఒక్కదాన్నీ కూర్చుని నేస్తున్నాను. దాన్ని పూడుస్తానంటే నన్ను పూడుస్తానన్నట్టే వినపడింది.

ఎనభై ఆరులో, మావాడిలా చీరలు బాగా అమ్మిన దుకాణాల వాళ్లని ఓ నూలు కంపెనీ కుటుంబాలతో సహా బ్యాంకాక్ తీసుకెళ్లింది. నేను, వాడు, కోడలు వెళ్లాం. మాతోపాటు చీరాల నుంచి అంకారావు గారని పెద్ద షావుకారు వచ్చాడు. ఆయన ముందు మావాడి వేషాలు ఇన్నీ అన్నీ కావు. "మనం నేసేవాళ్లమని అనకమ్మా, బిజినెస్ అను" అని నాకు పాఠం చెప్పాడు. చాలదన్నట్టు కోడలి చేత మళ్లీ చెప్పించాడు.

అక్కడ రోజూ సాయంత్రం భోజనంతో పాటు ఆట కూడా చూపిస్తారు. మొదటిరోజు కత్తియుద్ధం, రెండోరోజు కిరీటాలు పెట్టుకున్న ఆడపిల్లల నాట్యం. పప్పు లేని అన్నం, అర్థం కాని ఆట. రెండురోజులూ కూర్చున్నచోటే కునుకు తీశాను.

మూడోరోజు తీసుకెళ్లిన హోటల్లో కుర్చీలు లేవు. నేలమీద పరుపులు, ఎదురుగా పొట్టి బల్లలు. ప్రతి బల్ల కిందా కాళ్లు వదులుకోవడానికి గుంట!

పానకాలు అందులో కాళ్లు ఊపుకుంటూ "అబ్బ, ఎంత సుఖంగా ఉందో!" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇంట్లో గుంట పూడ్చడానికి మేస్త్రీని పిలిచి, ఊరుగాని ఊళ్లో గుంటలో కూర్చుని మురుస్తున్నావా? సిగ్గు లేదట్రా?"

"మెల్లగా అమ్మా, అంకారావు గారు వింటారు."

అంతలో వేదిక మీదికి ఒక మగ్గాన్ని తెచ్చారు. బొమ్మ కాదు, నిజం మగ్గమే, నిలువునా బిగించిన ఎర్రటి పట్టు పడుగుతో. ఒక పిల్ల దాని ముందు కూర్చుని నేస్తుంటే చుట్టూ మిగతా పిల్లలు ఆడుతున్నారు. నాకు నిద్ర ఎగిరిపోయింది. పేకదారం మోసే నాడె నాలుగుసార్లు అటూ ఇటూ పోయిందో లేదో, మధ్యలో ఇరుక్కుని పోగుల్ని తెంపేసింది. పిల్ల కంగారుగా పోగులు అందుకుంది. ఒక కొసని ఇంకో కొసకి తప్పుగా ముడేసింది. ఆడేవాళ్లు ఏం చేయాలో తోచక తిరిగిన చుట్టే మళ్లీ తిరుగుతున్నారు. వెనక ఎవరో నవ్వారు.

ఆ నవ్వు విని ఊరుకోవడం నా వల్ల కాలేదు. లేచాను.

"అమ్మా, కూర్చో! పరువు తీయకే!" అని పానకాలు కొంగు పట్టుకున్నాడు. విదిలించుకుని వెళ్లాను.

వేదిక కింద చెప్పులు విప్పి, మగ్గాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. పిల్ల కళ్లనిండా నీళ్లు. "ఏం కాదులే తల్లీ" అని పక్కకి జరిపాను. పదకొండు పోగులు తెగాయి. వేలు తడుపుకుంటూ కొసలు వెతికి, దేని జత దానికి ముడేశాను. లేవబోతే ఆ పిల్ల నా భుజాలు పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. సరే, కానీ అనుకుని తొక్కాను. పీట ఎత్తు, కుచ్చిళ్లు అడ్డం. అయినా నాలుగు దెబ్బలకి చెయ్యి కుదిరింది. డోలు వాయించే అతను నన్ను చూసి, నా దెబ్బకి తన దెబ్బ కలిపాడు. ఇక చూస్కో! ఆడపిల్లలు నా చుట్టూ గిర్రున తిరిగారు. జానెడు గుడ్డ నేసి ఆపేసరికి హాలంతా లేచి నిలబడింది.

నన్ను దించడానికి పరిగెత్తుకొచ్చిన పానకాలు ముందు మైకు పెట్టి, కోటువాడొకడు ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడ్రా?"

"నువ్వెవరని అడుగుతున్నాడు."

"చెప్పు మరి. బిజినెస్ అని చెప్పు!"

వాడు అంకారావు గారి వైపు చూశాడు. తర్వాత నా వేలికి చుట్టుకుని ఉన్న ఎర్ర పట్టుపోగు చూశాడు.

"మై మదర్ వీవర్" అన్నాడు. మైకు చేతిలోకి లాక్కున్నాడు. ఈసారి గట్టిగా, "మై ఫాదర్ ఆల్సో వీవర్! మంగళగిరి, ఇండియా!" అని అరిచాడు.

చప్పట్లు ఇంకా ఆగలేదు, అంకారావు గారు బల్ల దగ్గర లేచి నిలబడి, "ఒరేయ్ పానకాలూ, మా అమ్మదీ మగ్గమేరా! చీరాల పేరు కూడా చెప్పరా!" అని కేకేశాడు. అన్నాళ్లూ ఆయనదీ బిజినెస్సే మరి.

ఇంటికి వచ్చిన మర్నాడే మేస్త్రీ సిమెంటు బస్తాతో దిగాడు. నేను గుంటలో కూర్చుని ఉన్నాను. లేచేది లేదని ముందే అనుకున్నాను. పానకాలు వచ్చి గుంట అంచు మీద చెయ్యి పెట్టాడు. మట్టి రాలింది.

"ఏళ్ల తరబడి రాలుతోంది మేస్త్రీ. ఈ సిమెంటుతో చుట్టూ గట్టు కట్టు. అమ్మ కాళ్లకి ఒరుసుకోకుండా నున్నగా ఉండాలి" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. వాడికి కనపడనిస్తానా!

మూడోరోజు గట్టు ఆరింది. నేను నేస్తుంటే వాడు గుమ్మంలోనే నిలబడిపోయి చూస్తున్నాడు.

"టిక్కెట్టు లేకుండా చూస్తున్నావేంట్రా?" అన్నాను. "చెప్పులు విప్పి లోపలికి రా. పోగు అతకడం నేర్పుతా."