డ్యూటీకెళ్ళిన గొంతు

పొద్దున్న ఏడు కొట్టేసరికి తెనాలిలో రిబ్కా టీచరు గొంతు డ్యూటీకి వెళ్ళిపోతుంది. అందుకని ఆవిడ చెప్పాల్సినవన్నీ ఆరున్నరకల్లా చెప్పేస్తుంది. పాలు పొంగనివ్వద్దనీ, గ్యాసు బుక్ చెయ్యమనీ, నిన్న చెప్పిన పని ఇవాళ్టికీ అవలేదనీ. ఏడు దాటాక నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. ఎనిమిదిన్నరకి గొంతు తిరిగొస్తుంది, తొమ్మిదికి బడి.

"ఈ గంటన్నరే మా ఇంట్లో నాకు ప్రశాంతత," అంటాడు భర్త రాజారత్నం పేపరు విప్పుతూ. రిబ్కా గరిటె చూపిస్తుంది. గొంతు లేకపోతేనేం, గరిటె ఉందిగా!

ఇదంతా మనీషా వల్ల. ఆ అమ్మాయి బాపట్లలో ఇంజనీరింగు కాలేజీలో పరిశోధన చేస్తోంది. టీబీ వచ్చినవాళ్ళు నెలల తరబడి మందులు మానకుండా మింగాలి. మధ్యలో ఆపితే జబ్బు మొండికెక్కుతుంది, ఆ తర్వాత మామూలు మాత్రలకు లొంగదు. అందుకని రోజూ ఫోను చేసి అడిగే యంత్రం ఒకటి తయారుచేసింది. మాత్ర వేసుకుంటే ఒకటి నొక్కాలి, వేసుకోకపోతే రెండు. దానికి మంచి గొంతు కావాలని వెతుకుతూ, చర్చిలో రిబ్కా పాట విని, ఇంటికొచ్చి రికార్డు చేసుకుంది. మర్నాటి నుంచే గొంతు వెళ్ళడం మొదలుపెట్టింది. మనీషా నొచ్చుకుంటే, "ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తుందిలేమ్మా, నలుగురికీ పనికొస్తే మంచిదేగా," అంది రిబ్కా.

తిరిగిరాగానే గొంతు ఆవిడ నోటితోనే కబుర్లన్నీ చెప్పేది. అందులో రేపల్లె కావేరి కబుర్లే ఎక్కువ. పాతికేళ్ళ పిల్ల, తల్లి లేదు. భర్త దుర్గాశ్రీనివాస్ లారీ మీద వెళితే వారానికిగానీ రాడు. జబ్బు సంగతి అతనికి తెలుసు, అత్త చెంచమ్మకు తెలియదు. ఫోనేమో స్పీకరు పెడితే తప్ప వినబడదు. "మాత్ర వేసుకున్నారా" అని అది అత్త ఎదుటే అరిస్తే ఇంకేముంది, కొంప మునిగినట్టే. వారం రోజులు కావేరి ఫోను కట్ చేసేసింది. ఎనిమిదో రోజున గొంతే మాట మార్చింది.

"ఏమ్మా కావేరీ, నేను రిబ్కా పిన్నిని. ఏం కూర ఇవాళ?"

కావేరి తెల్లబోయి, అత్త వైపు ఓసారి చూసి, "దొండకాయ పిన్నీ," అంది.

అప్పట్నుంచీ కూర పేరు చెబితే మాత్ర పడ్డట్టు, వండలేదంటే పడనట్టు. మనీషా కంప్యూటర్లో ఒకట్లకూ రెండ్లకూ మధ్య దొండకాయ, గోంగూర, చింతచిగురు పప్పు అని పడుతుంటే, ఆ పిల్ల కాసేపు తల గోక్కుని, 'కూర' అని ఇంకో గడి గీసుకుంది. "మూడేళ్ళ నుంచి దీని మీదే చదువుతున్నాను టీచర్ గారూ, ఈ ప్రశ్న నాకు తట్టనేలేదండీ," అని ఫోను చేసి మరీ చెప్పింది.

మూడు నెలలు బాగానే గడిచాయి. ఓ బుధవారం కావేరి, "ఇవాళ వండలేదు పిన్నీ," అంది. గురువారమూ అదే మాట, ఏడుస్తూ. శుక్రవారం గొంతు ఆత్రం పట్టలేక, "మాత్రలేమయ్యాయమ్మా?" అని అడిగేసింది. ఎవరో ఫోను లాక్కుని ఆపేశారు. గొంతు అందులోనే ఉండిపోయింది.

ఎనిమిదిన్నరయింది, తొమ్మిదయింది. కాల్ మధ్యలో ఫోను ఆగిపోయిందని మనీషా మెసేజి పెట్టింది. రిబ్కా ఆ రోజు రెండో తరగతిని చప్పట్లతోనూ సుద్దముక్కతోనూ నెట్టుకొచ్చింది. గొంతు పోయిందన్న దిగులు కన్నా, పిల్ల మూడు రోజులుగా మాత్ర మింగలేదన్న దిగులే ఎక్కువైంది. శనివారం "రేపల్లె వెళ్దాం" అని కాగితం మీద రాసి భర్త పేపరు మీద పెట్టింది. మాట్లాడ్డానికో మనిషి కావాలి కదా. రాజారత్నం చొక్కా తొడుక్కున్నాడు.

ప్యాసింజరు బండిలో వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగారు. గొంతు కబుర్లలో చెప్పినట్టే స్టేషను వెనకే ఇల్లు. గుమ్మంలో కావేరి బట్టల సంచితో నిలబడి ఉంది, కళ్ళు వాచిపోయి. మూడేళ్ళ మనవణ్ణి చంకనేసుకుని చెంచమ్మ అడ్డంగా నిలబడింది. రిబ్కా పిన్ని వాళ్ళమని రాజారత్నం చెప్పగానే అందుకుంది.

"కొడుకూ కోడలూ కలిసి నా దగ్గర దాచారండి! బియ్యం డబ్బాలో దొరికాయి మందులు. అటక మీద పడేశాను, నలుగురూ చూస్తే పరువేం కాను? మా చెల్లెలు ఈ జబ్బుతోనే పోయింది. ఈ చేతులతోనే సాగనంపాను. ఇంట్లో పసివాడున్నాడు. చుండూరులో వాళ్ళ నాన్న దగ్గరికి పొమ్మన్నాను. తప్పా?"

"అక్కయ్యగారూ, ముందా ఫోను ఒక్కసారి ఆన్ చెయ్యండి," అన్నాడు రాజారత్నం. "మా ఆవిడ గొంతు అందులో ఉండిపోయింది."

"అయ్యో, ముందే చెప్పరేం! నిన్నట్నుంచీ మాట లేకుండా ఉందా తల్లి?" అంటూ చెంచమ్మ గబగబా బీరువాలోంచి ఫోను తీసి, చార్జరు పెట్టి ఆన్ చేసింది.

గొంతు బయటికొచ్చింది. కానీ రిబ్కా దగ్గరికి రాలేదు.

"వదినగారూ," అంది చెంచమ్మతో. "పెళ్ళికి రెండేళ్ళ ముందు నాకూ ఇదే జబ్బండి. మానకుండా మింగాను, తగ్గిపోయింది. ఆ తర్వాత ఇద్దరు పిల్లల్ని కని పెంచాను. మందు మానేస్తేనే పసివాడికి ప్రమాదం, కావాలంటే డాక్టరు గారిని అడగండి. మీ చెల్లెలికి సమయానికి మాత్ర ఇచ్చినవాళ్ళు లేరేమో. ఈ పిల్లకి మీరివ్వండి."

రిబ్కా చటుక్కున తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి చనిపోయిన తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. పెళ్ళి చెడుతుందని ఒట్టు వేయించుకుంది ఆ తల్లి. పక్కనే భర్త. ఇరవై నాలుగేళ్ళ కాపురం.

చెంచమ్మ ఫోను పక్కనబెట్టి రిబ్కాను చూసింది. "నిజమేనా తల్లీ?"

కాదని తలాడిస్తే సరిపోయేది. ఫోనుదేముంది, ఏదో వాగిందనుకునేవారు. రిబ్కా భర్త వంక చూడకుండా, అవునని తలూపింది.

ఎదురుగా నిక్షేపంలా నిలబడ్డ మనిషిని చెంచమ్మ పైనుంచి కిందిదాకా చూసింది. పసివాణ్ణి రాజారత్నం చేతుల్లో పెట్టి, స్టూలు లాక్కుని అటక మీద వెతికింది. మాత్రలు, మంచినీళ్ళు తెచ్చి కావేరి ముందు నిలబడింది.

"మింగు. మూడు రోజులు ఎందుకు మానావంటే ఆస్పత్రిలో నేనే వచ్చి చెబుతాను, నాదే తప్పని."

కావేరి ఏడుస్తూనే మింగింది. ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు. కోర్సు పూర్తయ్యాక పరీక్షలో జబ్బు లేదని తేలింది. ఆ చీటీ పట్టుకుని వీధంతా తిరిగి చూపించింది ఎవరనుకున్నారు, చెంచమ్మే.

రేపల్లె వెళ్ళిన ఆ శనివారం సాయంత్రం తిరుగు బండెక్కేసరికి గొంతు దాని చోటికది వచ్చి చేరింది. అయినా రిబ్కా నోరు విప్పలేదు. రాజారత్నం కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. ఏమంటాడో అని ఆవిడ టిక్కెట్లు మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది. వేమూరు దాటింది.

"అన్ని నెలలూ," అన్నాడు చివరికి, "వేసుకున్నావా అని నిన్నెవరైనా అడిగేవారా?"

"లేదండీ. అమ్మ కూలికెళ్ళిపోయేది. కోళ్ళగూడు వెనక దాక్కుని మింగేదాన్ని."

రాజారత్నం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అప్పటికి నేను నీకు తెలియను గానీ," అన్నాడు, "తెలిసుంటే రోజూ వచ్చి అడిగేవాణ్ణి."

రిబ్కా బావురుమంది. ఏమైందమ్మా అంటూ పెట్టెలో జనమంతా లేచొచ్చారు.