పిట్టలాట తుపాకీ

నా షాపుకొచ్చే కాలేజీ పిల్లలకు నోటి దురుసు ఎక్కువ. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో నాలుగు ప్లేస్టేషన్లు పెట్టుకుని బతుకుతున్నాను. మొన్న ఒకడు అటక మీదికి చూసి, "కోటేషన్నా, గదేంది, పాత రేడియోనా?" అన్నాడు. టీవీ గేమురా, క్యాసెట్ పెట్టి ఆడేది అన్నాను. వాడు పక్కవాడి వీపు మీద చరిచి మరీ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. వీళ్లు డిస్కు మీద ఒక గీత పడితే చాలు, ఆట పోయిందని ఏడుస్తారు. ఆ క్యాసెట్‌ను బయటికి లాగి, ఉఫ్ అని ఊది మళ్లీ పెడితే, చచ్చిందనుకున్న ఆట లేచి కూర్చునేది. అయినా వాళ్లనని ఏం లాభం? ఆ పెట్టెను నేనే ఆరేళ్లుగా కిందికి దించలేదు. మొన్న శనివారం దించాల్సి వచ్చింది. అందుకే ఈ సోదంతా.

2003లో నేను అశ్వారావుపేటలో టీవీ మెకానిక్‌ని. మాది కారేపల్లి దగ్గర తండా. పెళ్లయ్యాక మా ఆవిడ హేమ్లిని తీసుకుని అటు పోయాను. రిపేరుకొచ్చిన టీవీల మధ్య ఒక బల్ల వేసి, దాని మీద ఈ టీవీ గేము పెట్టాను. బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె, రెండు రిమోట్లు, పసుపురంగు క్యాసెట్లు. క్యాసెట్ మీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసి ఉండేది. నిజానికి ఉండేవి పదో పదకొండో. వాటినే పేర్లు మార్చి తిప్పి తిప్పి చూపించేది. పచ్చి మోసం, కానీ ఎవరికీ కోపం వచ్చేది కాదు. పెట్టెతోపాటు ఒక ఎర్ర ప్లాస్టిక్ తుపాకీ కూడా వచ్చింది. దాని తీగను పెట్టెకు గుచ్చి, టీవీకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితే, గడ్డిలోంచి లేచిన బాతు టపీమని కిందపడేది. ఆ తీగ పిన్ను ఎప్పుడూ వదులైపోతోందని నేనే పెట్టె విప్పి, తీగను లోపలే టంకం పెట్టి అతికేశాను.

సంత రోజు ఆడటానికి వచ్చేవాళ్లలో దూలయ్య ఒకడు. అడవి అంచున కోయగూడెం వాళ్లది. పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలి. అంతకుముందు ఏడు గెల కోస్తుంటే కత్తి జారి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి, చూపుడువేలూ దాని పక్కదీ. తుపాకీని ఎడమచేత్తో పట్టేవాడు. అయినా ఒక్క బాతును పోనిచ్చేవాడు కాదు. మేమంతా బాతుల ఆట అంటే, తను మాత్రం పిట్టలాట అనేవాడు. సంతలో చింతపండు అమ్ముకున్న జంపక్క, అంటే అతని భార్య, గంప చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడేది. "పిట్టలన్ని అయిపోయినయా, ఇంకేమన్న మిగిలినయా? పట్టుకురా, వండుకుందాం," అనేది. దూలయ్య నవ్వేవాడు గానీ కళ్లు మాత్రం టీవీ మీదినుంచి తీసేవాడు కాదు.

"దీంట్ల గుండు యాడ ఉంటదన్నా?" అని ఒకరోజు అడిగాడు. స్క్రూలు విప్పి చూపించాను. లోపల ఒక స్ప్రింగు, చిన్న అద్దం, ఆ అద్దం వెనక పప్పుబద్దంత కన్ను. ట్రిగ్గర్ నొక్కగానే టీవీ రెప్పపాటు నల్లబడుతుంది, బాతు ఉన్న చోట మాత్రం తెల్లగా ఒక మచ్చ వస్తుంది. ఆ తెలుపు ఈ కంటికి కనిపిస్తే బాతు చచ్చినట్టు లెక్క. "ఇది కాల్చదు దూలన్నా. చూస్తదంతే," అన్నాను. అతను ఆ కన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఊకె చూస్తేనే సచ్చిపోతయా?" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఎండాకాలంలో కోయవాళ్లకు భూమి పండుగ. విత్తనాలు వేసేముందు గూడెంలోని మగవాళ్లంతా కలిసి వేటకు పోవాలి. పోయే ప్రతివాడి చేతిలో ఏదో ఒక ఆయుధం ఉండాలి. ఇంట్లో కూర్చున్నవాడి మీదా, వట్టిచేతులతో తిరిగొచ్చినవాడి మీదా ఆడవాళ్లు పేడనీళ్లు పోసి, పాటలు కట్టి మరీ ఆడిపోసుకుంటారు. నవ్వులాటే. కానీ ఏడాది పొడుగునా గుచ్చుకునే నవ్వులాట. ముందటేడు చేతికి కట్టుతో ఇంట్లో కూర్చున్నందుకు దూలయ్యకు పేడనీళ్లే దక్కాయి. ఈ ఏడు కట్టు లేదు, కానీ రెండు వేళ్లు లేనివాడు విల్లు ఎట్లా లాగుతాడు?

"అన్నా, నీ తుపాకీ మూడొద్దులు ఇయ్యవా?" అన్నాడు. "చేతిల ఏదో ఒకటి ఉండాలె. అందరు నవ్వుతరు. నవ్వనీ. గీసారి నేనే నవ్వించినట్టుంటది."

నాకూ సరదా పుట్టింది. ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. ఎర్రగా ఉంటే చంటిపిల్లల బొమ్మలా ఉంది, ఆగు అని, టీవీ పెట్టెలకు వేసే నల్లరంగు తీసి దానికి పూశాను. తీగేమో నేనే అతికేసి పెట్టానాయె, ఊడి రాదు. "మళ్ల అతికిస్త తీయ్," అని కత్తెరతో కోసేశాను. జానెడు తీగ తుపాకీకి వేలాడింది, మిగతాది పెట్టెకు ఉండిపోయింది. దూలయ్య దాన్ని నడుముకు దోపుకుని, ఛాతీ విరుచుకుని రోడ్డెక్కాడు. నా చేతులకు ఆ రోజు పక్షవాతం వచ్చినా పోయేది.

మూడో రోజు, వాగు ఒడ్డున దూలయ్యను కాల్చేశారు. అన్నల కోసం అడవి గాలిస్తున్న పోలీసులు ఎదురయ్యారట. మిగతావాళ్లు విల్లంబులు పారేసి పరుగెత్తారు. నాకు ఇదంతా తర్వాత తెలిసింది, ముందు చెప్పింది పేపరు. ఎదురుకాల్పులు, గుర్తు తెలియని తీవ్రవాది మృతి. పక్కన ఫొటో. గుడ్డ మీద పరిచిన సామాన్లు: ఒక సంచి, ఒక టార్చిలైటు, ఒక నల్ల పిస్తోలు, దానికి వేలాడుతూ జానెడు తీగ. మందుపాతర పేల్చడానికి చేసిన పరికరం అయి ఉంటుందని కింద రాశారు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. తీగ కోసిన కత్తెర నా ముందు బల్ల మీదే ఉంది.

నెల తిరిగాక జంపక్క వచ్చింది. విచారణ పెట్టారని, తెలిసినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పొచ్చని మండల ఆఫీసు గోడకు నోటీసు అంటించారని చెప్పింది.

"వేటకు పోయినోళ్లు చెప్పిండ్రు తమ్మీ, అది పిట్టలాట తుపాకీ అని. ఆఫీసరు నమ్ముతలేడు. ప్లాస్టికని చేత పట్టుకుంటేనే తెలుస్తది, అయినా దాంతోని బాంబు పేలుస్తరు, తీగ ఉన్నది గదా అంటుండు. నీ పెట్టె పట్టుకొచ్చి, తీగకు తీగ ఆనిచ్చి చూపియ్యి. గంతే." మళ్లీ తనే అంది. "ఆయిన ఇంక రాడు, నాకెరికే. దుర్గ హాస్టల్ల చదువుతుంది. తీవ్రవాది బిడ్డె అంటుండ్రంట. ఆ మాటొక్కటి పోవాలె."

"వస్త అక్కా," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

రెండు రోజులకు ఎవరో మనిషి షాపులోకి వచ్చాడు. ఒంటి మీద మామూలు చొక్కానే, కాళ్లకు మాత్రం పోలీసు బూట్లు. కాసేపు కార్ల ఆట ఆడాడు. "బాతుల ఆట ఉండాలె గదా దీంట్ల? తుపాకీ ఏది మరి?" అని నవ్వుతూనే అడిగాడు. తెగిన తీగను అప్పటికే పెట్టె కిందికి మడిచిపెట్టి ఉన్నాను. "మా దానికి రాలేదు సార్. తుపాకీ లేని మోడల్," అన్నాను. "మంచిది. లేనిది లేనట్టే ఉండాలె," అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

హేమ్లికి అప్పుడు ఏడో నెల. "రంగు పూసింది నువ్వు, తీగ కోసింది నువ్వు. బాంబులు చేసేటోడివని నిన్ను లోపలేస్తే నేనేం గావాలె?" అంది. తన మీద గట్టిగా అరిచాను. నా మనసులో ఉన్నదే తను పైకి అన్నందుకు అరిచాను.

విచారణ రోజు పెట్టెను సంచిలో పెట్టుకుని బయల్దేరాను. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, బయల్దేరాను. ఆఫీసు ఎదురుగా టీ హోటల్ ఉంది. ఒక టీ తాగి లోపలికి పోదామని కూర్చున్నాను. జంపక్క ఆఫీసు మెట్ల మీద ఉంది. పక్కన దుర్గ, హాస్టల్ యూనిఫాంలో, పన్నెండు పదమూడేళ్ల పిల్ల. గేటు దగ్గర ఆ బూట్ల మనిషి నిలబడి బీడీ కాలుస్తున్నాడు. రెండో టీ చెప్పాను. మూడోది కూడా తాగాను. మధ్యాహ్నం జంపక్క సద్ది విప్పి బిడ్డకు పెట్టింది, తను ముట్టలేదు. వచ్చే ప్రతి బస్సు వైపూ తలెత్తి చూస్తూనే ఉంది. మా మధ్యన ఉన్నది ఒక్క రోడ్డు, పదిహేను అడుగులుండదు. ఐదింటికి ఆఫీసు తలుపులు మూశారు. అప్పుడు లేచి, హోటల్ వెనక సందులోంచి బస్టాండుకు పోయాను.

ఇంటికి చేరగానే పెట్టె విప్పి, ఆ మిగిలిన తీగను మొదలంటా కోసి పొయ్యిలో పడేశాను. కమురు కంపుకు హేమ్లి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది కానీ ఒక్క మాట అడగలేదు. నెలలోపే ఖమ్మం వచ్చేశాం. పెట్టెను మాత్రం పారేయలేకపోయాను. ఎందుకో నన్నడిగితే చెప్పలేను. అది నాతోపాటే వచ్చింది, ఈ షాపు అటకెక్కింది.

మొన్న శనివారం పొద్దున జంపక్క నా షాపు గడప ముందు నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. "టీవీ గేముల కోటేష్ యాడుంటడని అడుగుకుంట వచ్చిన," అంది. ఆడుతున్న పిల్లలను బయటికి పంపి, కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చాను. ఆమె గ్లాసు చేతిలో పట్టుకుంది, తాగలేదు.

"దుర్గకు దవాఖానాల నౌకరి వచ్చింది తమ్మీ. నర్సమ్మ నౌకరి. పోలీసోళ్ల ఎంక్వైరీ కాడ ఆగింది. వాళ్ల కాయితాలల్ల అయ్య పేరు ఇంక గట్లనే ఉన్నదంట. వకీలు మంచోడు దొరికిండు. తుపాకీ ఇంక వాళ్ల బీరువలనే ఉన్నది, సాక్ష్యం తెస్తే ఫైలు మళ్ల తెరిపిస్త అన్నడు." నెమ్మదిగా అడిగింది. "పెట్టె ఉన్నదా?"

"ఉన్నది," అన్నాను. అబద్ధం కాదు గదా.

స్టూలెక్కి దించి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాను. జంపక్క ముఖం వెలిగిపోయింది. అంత వెలుగు ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు, చూడలేకపోయాను కూడా. "ఒక్కసారి పిట్టలాట పెట్టు తమ్మీ," అంది. మూలనున్న పాత డబ్బా టీవీకి తగిలించాను. క్యాసెట్ ఊది పెట్టాను, రాలేదు. మూడోసారికి వచ్చింది. బాతులు గడ్డిలోంచి లేచాయి. కొట్టేవాడు లేడు. ఒక్కొక్కటే తెర పైకంటా ఎగిరి మాయమైపోయాయి. "ఆయిన ఒక్కదాన్ని గూడ పోనిచ్చెటోడు గాదు," అంది జంపక్క. ఆట అయిపోయిందని తెర మీద రాత పడేదాకా చూసింది.

తర్వాత పెట్టెను ఒళ్లోకి తీసుకుని ముందుకూ వెనక్కూ తిప్పింది. "తీగ ఏది?"

నేను టీవీ కట్టేశాను.

"లోపల పెట్టినవా?"

"లేదక్కా. కాల్చేసిన."

"ఎప్పుడు?"

"విచారణ నాడే. ఇంటికి పోయినంక."

ఆమె నా ముఖంలోకి చూసింది. అరిస్తే బాగుండునని, నాలుగు తిట్టినా బాగుండునని అనుకున్నాను.

"ఆనాడు టీ హోటల్ల కూసున్నవు," అంది. "ఒళ్లె సంచి. పెట్టె మూల బయటికి కనపడుతుండె. దుర్గ గూడ చూసింది. గదిగో కోటేష్ మామ, పిలుస్త అన్నది. నేనే వద్దన్న. గేటు కాడ వాడు నిలబడ్డడు గదా, పిలిస్తే నీ పేరు వాడి చెవిల పడతది. నీ పెండ్లాం కడుపుతోటి ఉన్నది. అందుకే నీ దిక్కు చూడకుండ బస్సుల దిక్కు చూసుకుంట కూసున్న." గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఇయ్యాల భయపడ్డడు, పోనీ అనుకున్న. సంచిల పెట్టె పదిలంగ ఉన్నది, ఎన్నడన్న అక్కరకొస్తది అనుకున్న. ఆరేండ్ల సంది బిడ్డెకు గదే చెప్పుకుంట వచ్చిన."

నేను ఏడ్చాను. ఏడ్చి, "నేనొస్త అక్కా. రంగు పూసింది నేనే, తీగ కోసింది నేనే అని వకీలు ముందల చెప్త," అన్నాను.

"మాటలు ఆనాడు గూడ ఉండె తమ్మీ. మావోళ్లు పదిమంది చెప్పిండ్రు. మాట నమ్ముతలేరనే గదా నీ కాడికి తీగ కోసం వచ్చిన."

లేచింది. పెట్టెను కొంగుతో తుడిచి బల్ల మీద సర్ది పెట్టింది. చెప్పులు వేసుకుని గడప దాటాక ఆగింది.

"దుర్గకు నువ్వే చెప్పు. నాతోని గాదు. గదిగో, ఆటోల కూసున్నది."

రోడ్డుకు అవతల షేర్ ఆటో ఆగి ఉంది. దుర్గ తల బయటికి పెట్టి చూస్తోంది. నా ముఖం వైపు కాదు, నేను పెట్టె తెస్తున్నానేమోనని నా చేతుల వైపు చూస్తోంది. ఇక్కడా మధ్యన ఉన్నది పదిహేను అడుగుల రోడ్డే. ఈసారి దాటాను, వట్టిచేతులతో.