వంకర ముక్క

పొద్దున పదింటికి మా వడ్రంగి షెడ్డు ముందు బడి బస్సు ఆగింది. ఇరవై మంది ఆడపిల్లలు, వెనకాల వాళ్ల లెక్కల మేడం. బెంచీలు ఎలా తయారవుతాయో చూపించాలట. లెక్కల మాస్టర్లంటే నాకు గిట్టదు. ఒకాయన బెత్తం దెబ్బలకే ఆరో తరగతిలో బడి మానేశాను. ఓనరు చెప్పాడు కాబట్టి పని పక్కన పెట్టి నిలబడ్డాను.

పిల్లలు వరసగా మూతులు ముడుచుకుని నిలబడ్డారు. చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. మేడం నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"వీళ్ల పాత టీచరు బదిలీ అయి వెళ్లిపోయింది మేస్త్రీ గారూ. నేనొచ్చి రెండు నెలలైంది. అడిగితే తప్ప నోరు విప్పరు. ఇవాళ కూడా ఇంతే అయితే, రేపు వేరే క్లాసు ఇమ్మని అడిగేస్తాను."

"అడగండి. ఎందుకొచ్చిన తిప్పలు," అన్నాను. జాలేం పడలేదు.

పైగా కావాలనే కరెంటు రంపం వదిలేసి, గోడకున్న పాత రంపం దించాను. మనిషంత పొడుగు, రెండు కొసలకీ రెండు పిడులు. చెరో వైపు కూర్చుని లాగాలి. దుంగ మీద సుద్ద గీత గీసి, "ఇటు మీరు పట్టుకోండి మేడం. అటు ఎవరొస్తారు?" అన్నాను.

ఎవరూ కదల్లేదు. చివరికి జడ కొస నములుతున్న బక్కపిల్ల ఒకతి ముందుకొచ్చింది, "పోకపోతే ఈ తాత తిడతాడేమోనే" అని పక్కపిల్లతో గొణుగుతూ. నాకింకా నలభై ఎనిమిదే.

ఆ రంపానికి ఒకటే పద్ధతి. మన వంతుకి లాగాలి, అవతలివాళ్ల వంతుకి చెయ్యి వదులు చెయ్యాలి. తోస్తే రంపం రేకు వంగిపోతుంది. ఆ సంగతి పిల్లకి చెప్పాను. మేడంకి చెప్పలేదు.

మేడం లాగింది, వెంటనే తోసింది. రేకు విల్లులా వంగి ఇరుక్కుపోయింది. మళ్లీ తోసింది, మళ్లీ ఇరుక్కుంది. మొహమంతా చెమట, జుట్టంతా రంపప్పొట్టు.

"మేడం, మీరు తోస్తున్నారు," అంది బక్కపిల్ల.

"తోయకపోతే నీవైపు ఎలా వస్తుందే?"

"నేను లాక్కుంటాగా. నా వంతుకి మీరు ఊరుకోండి."

అనేశాక నాలిక్కరుచుకుంది. వరసంతా బిగుసుకుపోయింది. మేడం మోచేత్తో మొహం తుడుచుకుని, "ఊరుకోవడమే నాకు రాదు. ఎప్పుడు ఊరుకోవాలో నువ్వే చెప్పు," అంది.

"లాగండి. ఇప్పుడు ఊరుకోండి. ఊరుకోమన్నానా మేడం..."

ఎవరో కిసుక్కుమన్నారు. ఐదు నిమిషాల్లో మిగతా పిల్లలంతా దుంగ చుట్టూ మూగి, "లాగండి, ఊరుకోండి" అని ఒకటే గోల.

"మేడం ఫెయిలు. మళ్లీ రాయాల్సిందే," అందొకతి. మేడం పొట్టులో చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

ఎట్టకేలకి ముక్క తెగిపడింది. ఒక పక్క నాలుగు వేళ్ల మందం, ఇంకో పక్క రెండు.

"ఇలా తేండి, చిత్రిక పట్టి సమం చేస్తాను."

"వద్దు తాతా. మేడం కోసింది, వంకరగానే ఉండాలి," అని బక్కపిల్ల లాక్కుంది. "క్లాసులో ఎక్కడ పెడదాం మేడం?"

మేడం కాస్త ఆలోచించింది.

"నా టేబుల్ మీద. ఎంత వంకరో రేపు మొదటి పీరియడ్‌లో మీరు కొలిచి చెప్పండి, నేను రాస్తాను."

బస్సులో ఆవిడ పక్క సీటు కోసం అప్పుడే కొట్లాట మొదలైంది. ఆవిడ మెట్టు మీద ఆగి, "ఆ పద్ధతేదో నాక్కూడా ముందే చెప్పొచ్చుగా మేస్త్రీ గారూ," అంది.

"చెప్పుంటే మీకు వచ్చేసేదిగా. ఇంక పిల్లలు నేర్పేదేముంటుంది?" అన్నాను.

అప్పటికప్పుడు అల్లిన మాట అది. ఆవిడ నమ్మేసింది.