గట్టు మీద పట్టుచీర

"ఆ ఒక్క కథ చదవకపోతే నీకొచ్చే నష్టమేంటి ప్రియా?" అన్నారు మావారు, బనియన్‌తో నిలబడి చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

సభ నాది. మాట్లాడేది నేను. ఇస్త్రీ మాత్రం ఆయన చొక్కాకి. ముందు వరసలో కూర్చుంటారట, నలుగురూ చూస్తారట, కాలర్ నిలబడాలట. పొద్దున్నుంచి దోసెలు వేస్తూనే ఉన్నాను. మామయ్యకు ఉప్పు లేని చట్నీ వేరే, అత్తయ్యకు అల్లం చట్నీ వేరే. పెనం మీద ఒక దోసె మాడితే అత్తయ్య ప్రమీలారాణి గారు "రచయిత్రి గారికి ఇవాళ దోసెల్లో కూడా భావాలు ఎక్కువైనట్టున్నాయి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈ ఇంట్లో నా మీద వేసిన జోకుకు నేను నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు. ఇన్నేళ్లలో నేను నవ్విన నవ్వుల్లో సగం ఇలాంటివే.

"మాట్లాడవేంటి?" అన్నారు మళ్లీ. "నువ్వు రాసుకుంటానంటే నేనెప్పుడన్నా కాదన్నానా? మా ఫ్రెండ్స్ పెళ్లాల్లో ఎవరికుంది ఇంత ఫ్రీడం?"

ఆహా, కాదనలేదు మహానుభావుడు! వంటయ్యాక రాసుకోమన్నారు. గిన్నెలయ్యాక, పిల్ల హోంవర్కయ్యాక, మామయ్య బీపీ మాత్రలయ్యాక రాసుకోమన్నారు. బంధువులొస్తే "మా ఆవిడ రైటరండోయ్" అని పరిచయం చేస్తారు, కొత్తగా కొన్న ఫ్రిజ్‌ని చూపించినట్టు. నేనేం రాస్తున్నానో ఒక్కనాడు చదివిన పాపాన పోలేదు. పోయిన నెల ఓ పత్రికలో వచ్చిన "గట్టు మీద పట్టుచీర" చదివారు, అదీ ఈ సభ ఆహ్వానపత్రంలో ఆ పేరు చూసి కథ చదివిన ఎవరో ఫోన్ చేసి "మీ పొలం సంగతిలా ఉందేంటి భాస్కర్" అంటే. పెళ్లయ్యాక నా రాతల్లో ఆయన చదివిన మొదటి కథ అది. భయంతో చదివారు.

భయపడాల్సిందే మరి. దుమ్ముగూడెం దాటాక గోదావరి పక్కన మాకు మిర్చి పొలం ఉంది. ఉంది అంటే, మేం దున్నుతాం, మేం అమ్ముకుంటాం. పట్టా మాత్రం ఎర్రమ్మ అనే గిరిజన స్త్రీ పేరు మీద ఉంటుంది. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్లు భూమి కొనడానికి లేదు. మామయ్య వెంకటరామారావు గారి తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఎర్రమ్మ తండ్రి అడవి నరికి చదును చేసుకున్న నేల అది. ఆయన పోయాక మామయ్య సాగులోకి తెచ్చుకుని, పేరు ఎర్రమ్మదే ఉంచి, ఎర్రమ్మను మా ఇంట్లో గిన్నెలు తోమే పనిలో పెట్టారు. "దాని పేరుకు మనం విలువిచ్చాం" అంటారు మామయ్య, నిజంగానే నమ్ముతూ.

ఎప్పుడైనా ఆఫీసర్లు ఎంక్వైరీకి వస్తున్నారని తెలిస్తే ఆ రోజు ఎర్రమ్మకు అత్తయ్య పాత పట్టుచీర కడతారు. మెళ్లో ఓ గొలుసు వేసి, పొలం గట్టు మీద గొడుగిచ్చి నిలబెడతారు, ఆసామి అని చూపించడానికి. జీపు వెళ్లిపోయాక చీర విప్పించి మడతపెట్టి బీరువాలో పెడతారు. ఎర్రమ్మ తన నేత చీర కట్టుకుని వచ్చి, ఆ జీపులో వచ్చినవాళ్లు తిన్న కంచాలు కడుగుతుంది. నా కథంతా అంతే. ఊరి పేరు మార్చాను, ఆమె పేరు మార్చాను. చివర్లో ఆమె గట్టు దిగి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. చదివినవాళ్లు నాకు ఫోన్ చేసి వాళ్లూ ఏడ్చారు.

చొక్కా ఇచ్చాను. బొత్తాలు పెట్టుకుంటూ అరవకుండా, గొంతు తగ్గించి చెప్పారు. ఆయన గొంతు తగ్గితేనే నాకు భయం. "సభకి ఆర్డీవో ఆఫీసు వాళ్లు కూడా వస్తున్నారు. ఇంకేదన్నా చదువుకో, వర్షం మీద రాశావుగా, అది చదువు. కాదూ కూడదంటే ఇంటికి రానక్కర్లేదు. అట్నుంచి అటే మీ పుట్టింటికి, బోనకల్ రైలెక్కెయ్. పాపని మాత్రం తీసుకెళ్లనివ్వను, చెప్తున్నా."

పాప మాట ఎత్తారు. వాళ్లకు తెలుసు ఎక్కడ నొక్కాలో. పక్కగదిలోంచి అత్తయ్య "అమ్మాయ్, నా ఆకుపచ్చ పట్టుచీర తీసిపెట్టా, అది కట్టుకో, మన ఇంటి పరువు కనబడాలి కదా" అన్నారు. మంచం మీద ఉన్నది ఎర్రమ్మకు కట్టే చీరే. దాన్ని ముట్టుకోలేదు, నా కాటన్ చీరే కట్టుకున్నాను.

బయల్దేరే ముందు వంటింటి వెనక్కి వెళ్లాను. ఎర్రమ్మ దోసెపెనం తోముతోంది. కథలో ఆమెను నేను అక్కా అని రాశాను. ఇంట్లో మాత్రం ఎర్రమ్మా అనే పిలుస్తాను.

"ఎర్రమ్మా, నీ మీద ఒక కథ రాశాను. ఇవాళ సభలో చదవాలి."

"నా మీదనా? ఏమున్నదమ్మా నా మీద రాసేతందుకు?"

చెప్పాను. పట్టుచీర, గట్టు, జీపు, చివర్న ఏడుపు. ఆమె పీచు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని నా ముఖంలోకి చూసింది.

"గప్పుడు నేను ఏడ్సిన్నని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే అలా అనిపించింది."

"నేనేడ్వలే. నవ్వొచ్చింది నాకు. గంత పెద్ద సారు నాకు దండం పెట్టి పోతుంటే పొట్ట పట్టుకుని నవ్విన, ఆ చేనుల." ఆమె గొంతులో కోపం ఉంది, నేనెప్పుడూ విననిది. "మీ మామ నా పేరు వాడుకుండు. నువ్వు నా ఏడుపు వాడుకుంటవా చిన్నమ్మా?"

నాకు చెంప పగిలినట్టయింది.

"చేను నాదని చెప్తవా, చెప్పు. నా పేరు పెట్టే చెప్పు. మా అయ్య అడివి కొట్టి చేసిన చేను అది, నాకేం భయం? మస్తుసార్లు నేనే చెప్దామనుకున్న, వినేటోడు లేడు. కనీ ఏడ్సిన్నని మాత్రం చెప్పకు."

"నిన్ను పనిలోంచి తీసేస్తారేమో ఎర్రమ్మా."

"అవ్, తీసేస్తరు. నా చేనుకు నేను పోత."

భద్రాచలంలో హాలు నిండింది. వేదిక మీద ముగ్గురం. మణుగూరు బొగ్గు గనుల కాలనీలో పెరిగిన తబితా సభ నడుపుతోంది. ఇంకో పక్కన ముత్యాలు, ఆశ్రమ పాఠశాల టీచరు, కోయలోనూ తెలుగులోనూ కవిత్వం రాస్తుంది. మేమెవరం, ఎందుకు రాస్తున్నాం అన్నది విషయం. తబితా తన గురించి చెప్పింది. "మా నాయన బొగ్గుబాయిల పనిచేసిండు. కాలనీల నన్ను చర్చిపిల్ల అనేటోళ్లు, చర్చిల కథలపిల్ల అనేటోళ్లు. రెండిట్ల ఏదీ నా పేరు గాదు. నా పేరు నేనే రాసుకోవాలని కథలు మొదలువెట్టిన." జనం చప్పట్లు కొట్టారు. మావారు ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో, ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. పక్కన మామయ్య. నా వంతు రాగానే మామయ్య నన్ను చూసి చిన్నగా తల అడ్డంగా ఊపారు.

పత్రిక తెరిచాను, మళ్లీ మూశాను. "వర్షం మీద రాసింది చదువుతాను" అందామని నోటిదాకా వచ్చింది. దేవుడి తోడు, వచ్చింది. పాప ముఖం కళ్ల ముందు ఆడింది.

అంతలో ముత్యాలు మైకు తీసుకుంది. "అక్కా, మీ కథ చదివిన. గట్టు మీద నిలవడ్డోళ్లు మా ఊళ్లల్ల మస్తుమంది ఉన్నరు. మంచిగ రాసిన్రు, కాదనను. ఒక్కటడుగుత. ఆ కథల మీరు ఏడున్నరు? ఆమెకు చీర ఎవలు కట్టిన్రు?"

హాలంతా నా వైపు చూస్తోంది. ఈ ప్రశ్న ఏ విమర్శకుడూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. అత్తయ్య బీరువా తీసి చీర ఇస్తారు. ఆ తర్వాత?

"నేనే కట్టాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కుచ్చిళ్లు పెట్టింది నేను. పిన్నీసు గుచ్చింది నేను. మా ఇంట్లో నాకు మాట లేదు, చెప్పిన పని చెయ్యడమే అనుకుంటూ చేశాను. నా బాధలన్నీ రాశాను కానీ ఆ పిన్నీసు సంగతి దాచాను. ఆ కథ చివర తప్పు. ఆమె ఏడవలేదు, ఏడవాలని నేను కోరుకున్నాను. ఆమె పేరు ఎర్రమ్మ. ఇది ఆమె చెప్పమంటేనే చెబుతున్నాను. దుమ్ముగూడెం దాటాక మేం మిర్చి వేస్తున్న పొలం ఆమెది. కాగితం మీదే కాదు, నిజంగానే ఆమెది."

మామయ్య లేచి "ఆ అమ్మాయికి నాలుగు రోజుల్నుంచి ఒంట్లో బాగాలేదండీ, ఏదో మాట్లాడుతోంది" అన్నారు, ఎంతో దయగా. రెవెన్యూ ఆఫీసు వాళ్లు ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. మావారు గబగబా వేదిక దగ్గరికి వచ్చి అంచు పట్టుకున్నారు. నిలబెట్టిన కాలర్ వంగిపోయింది. జాలేసింది, నిజం చెప్పొద్దూ.

"ప్రియా, నీకు దణ్ణం పెడతా" అన్నారు నాకొక్కదానికే వినబడేలా. "కథే కదా. అంతా కల్పితం అని ఒక్క మాట అనెయ్. ఇంటికెళ్దాం. పాప ఎదురుచూస్తుంటుంది."

కథే కదా. ఇన్నేళ్లూ ఆయన అన్న మాటే. నేను మైకు దగ్గరికి లాక్కున్నాను.

"మావారు ఇదంతా కల్పితమని చెప్పమంటున్నారు. ఆయన పేరు ఉదయ్ భాస్కర్. ఆ పొలం చేస్తున్నది ఈయనే."