గుడారంలోంచి బయటికొచ్చే మనిషి

“ఆ ఎర్ర దుప్పటి అక్కడ ఆరేయకు, పిట్టలు బెదురుతాయి” అన్నాడు భర్త, బాల్కనీలో కెమెరా స్టాండు నిలబెడుతూ. పిండిన దుప్పటి ఆమె చేతుల్లో బరువుగా నీళ్ళు కారుస్తోంది. దాన్ని స్నానాలగది తలుపు మీద వేసొచ్చి, అలవాటు ప్రకారం ఆయన పక్కన నిలబడింది. ఆయన తెర చాటున పీట మీద సర్దుకున్నాక, చెట్టు మీది పిట్టలకి కనబడేలా నాలుగడుగులు వేసి, లోపలికొచ్చి తలుపు మూసింది.

అదీ ఆమె పని. పిట్టలకి లెక్కలు రావట. ఇద్దరు చాటుకి వెళ్ళి ఒకరు బయటికొచ్చేస్తే, మనుషులు వెళ్ళిపోయారనుకుని ధైర్యంగా దిగుతాయట. పెళ్ళయిన కొత్తలో ఈ కిటుకు విని ఆమె పడీ పడీ నవ్వింది. “పాపం, ఎంత అమాయకత్వమండీ!” అంది. ఆ తర్వాత నవ్వడానికి తీరిక దొరకలేదు. ఇంట్లో అయితే తలుపు మూశాక మిక్సీ వేయకూడదు, గిన్నె చప్పుడు కాకూడదు, దగ్గొస్తే దిండులో దగ్గాలి. ఊరవతల మకాం వేసినప్పుడైతే చెప్పనే అక్కర్లేదు. స్టవ్వు, నీళ్ళ డబ్బాలు, పరుపు చుట్టలు మోసి, ఏటి ఒడ్డున ఆ చిన్న ఆకుపచ్చ గుడారంలోకి ఆయనతో పాటు దూరి, వెంటనే బయటికొచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా కారు దాకా నడవాలి. అక్కడ వంటా, అంట్లూ ఎలాగూ ఉంటాయి. ఉండబట్టలేక “వచ్చిందా?” అని మెసేజ్ పెడితే, “ఇంకా రాలేదు. కాసేపు అక్కడే ఉండు” అని జవాబు. ఎప్పుడూ అవే మాటలు.

“తాగుడు లేదు, తిరుగుడు లేదు. పిట్టల పిచ్చి ఒక్కటేగా, నీ అదృష్టం” అనేది అత్తగారు. ఈమె తల ఊపేది. నిజమే మరి, ఏం లోటని?

ఆ లోటేమిటో ఈమధ్య అంతుపట్టడం లేదు. మొన్న ఆఫీసులో పక్క సీటావిడ, ఆయన తీసిన లకుముకిపిట్ట ఫోటో చూసి “అబ్బ! దగ్గరుండి చూశారా? ఒళ్ళు పులకరించి ఉంటుందే!” అంది. “ఆఁ, చూశాను” అనేసింది ఈమె. అనేశాక నాలుక్కరుచుకుంది. చూసిందెక్కడ? ఆ పిట్ట దిగినప్పుడు తను కారు దగ్గర అంట్లు తోముతోంది. ఇంట్లో గోడల నిండా ఉన్న పిట్టల్లో ఒక్కదాన్నీ కళ్ళారా చూసి ఎరగదు. ఫోటో కింద ఆయన రాసుకున్నాడు: ‘గంటల తరబడి ఏకాంతంగా ఎదురుచూసి తీసినది.’ ఏకాంతమట, చోద్యం కాకపోతే! అబద్ధమా అంటే కాదు. నిజమా అంటే గొంతు దిగడం లేదు. ఆ ఏకాంతం ఆయనకి అమర్చిపెట్టింది ఎవరు? పోనీ కోపం వచ్చిందా అంటే అదీ తేలడం లేదు. పిట్టని చూడాలనుందా, ఆయన మీద కసా? ఇంతకీ పిట్టలంటే తనకి ఇష్టమేనా? ఇన్నేళ్ళు వాటికోసం ఊపిరి బిగబట్టుకుని బతికి, ఆ సంగతే తేల్చుకోలేదేం, ఛీ!

“ఒక్కసారి నేనూ లోపల కూర్చుంటానండీ” అని అడిగింది కూడా. ఆయన నవ్వాడు. “ఇద్దరుంటే అది దిగదు. ఫోటోలో చూపిస్తాగా, అసలు దానికన్నా బాగుంటుంది.”

ఈ సెలవులకి మళ్ళీ అదే ఏరు, అదే గుడారం. ఇద్దరూ దూరారు. ఆయన కెమెరా బిగించి, తల తిప్పకుండానే “ఊఁ, ఇక వెళ్ళు” అన్నాడు.

ఆమె లేవలేదు. “మీరు వెళ్ళండి.”

“ఏంటీ?”

“ఒకళ్ళు వెళ్తే చాలుగా. ఎవరైతేనేం దానికి?”

“మరి ఫోటో ఎవరు తీస్తారు?”

“ఎవరూ తీయరు. నేను చూస్తా.”

“మతి పోయిందా? ఒంట్లో బాగానే ఉందా?”

“తెలీదండీ” అంది. నిజంగానే తెలియలేదు. పోనీలే, లేచి వెళ్ళిపోదామా అనిపించింది కూడా. పీట అంచు రెండు చేతులా పట్టుకుంది. గట్టిగా వాదిస్తే పిట్ట బెదిరిపోతుందని ఆయనకే భయం. “దిగగానే ఈ బటన్ నొక్కు, ఇంకేదీ కదపకు” అని గొణుగుతూ పాక్కుంటూ బయటికి వెళ్ళాడు. గుడారం సందులోంచి చూస్తే, కారు చేరేలోపు ఎన్నిసార్లు వెనక్కి తిరిగాడో! తిరిగి చూడకూడదని నేర్పింది ఆయనే.

పిట్ట వచ్చింది. ఎదురుగా పుల్ల మీద నీలంగా వాలింది. ముక్కున చేప ఇంకా కొట్టుకుంటోంది. దాన్ని పుల్లకేసి టపటపా బాదింది, తల ఊపింది, తోక ఎగరేసింది. ఒక్కక్షణం కుదురు లేదు దీనికి! ఫోటోల్లో ఎంత బుద్ధిగా కూర్చునేదో. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెయ్యి బటన్ వైపు వెళ్ళనే లేదు.

ఫోన్ వెలిగింది. “వచ్చిందా?”

పిట్ట మీంచి చూపు సరిగా తిప్పకుండానే, తడుముకుంటూ కొట్టి పంపింది: “ఇంకా రాలేదు. కాసేపు అక్కడే ఉండండి.”

పంపాక ఫోన్ వైపు చూసింది. ఈ మాటలు తనవి కావు. ఇన్నేళ్ళూ కారు దగ్గర కూర్చుని తను చదువుకున్న మెసేజ్‌లలో, పిట్ట కళ్ళెదుటే ఉండగా ఆయన పంపినవి ఎన్ని?

ఫోన్ మళ్ళీ వెలిగింది. ఆమె దాన్ని బోర్లా పెట్టి, పీట ఇంకాస్త ముందుకి జరుపుకుంది.