అంకమ్మరావు పొడుగు చేతుల చొక్కా

కొండపల్లి దాటాక రోడ్డు వారగా బూడిద ఇటుకల యార్డు ఒకటుంది. అందులో పనిచేసే ఆడవాళ్ళంతా చీర మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుంటారు. మెడ దాకా గుండీలు, మణికట్టు దాకా చేతులు, కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించకుండా ముఖానికి చున్నీ. మగవాళ్ళేమో బనీన్లతో దిగుతారు. ఎండ ముదిరాక అవి కూడా విప్పేసి పక్కన పడేస్తారు. ఎండ ఆడదాని రంగునే తింటుందనీ, మగవాడి జోలికి రాదనీ ఎవరు తేల్చారో గానీ యార్డులో ఆ మాటకు తిరుగులేదు. నల్లబడిన ఆడదానికి నాలుగు మాటలు తప్పవు, నల్లబడిన మగవాడు మాత్రం కష్టజీవి అనిపించుకుంటాడు. అంతకు మించిన శాస్త్రం అక్కడ ఎవరికీ అవసరం పడలేదు.

శివపార్వతి తొడుక్కునేది మొగుడి చొక్కానే. నీలం గళ్ళది, పొడుగు చేతులది. ఆ మొగుడు అంకమ్మరావు పుట్టుకతోనే తెలుపు. తెలుపంటే మనం మురిసిపోయే పచ్చని ఛాయ కాదు. జుట్టు, కనుబొమలు, రెప్ప వెంట్రుకలతో సహా పాలిపోయిన తెలుపు. ఒంటికి రంగునిచ్చేది ఏదో అది లేకుండానే పుట్టాడు. వెలుతురులోకి వస్తే కళ్ళు చికిలించి నీళ్ళు కారుస్తాడు, పది అడుగుల అవతల ఉన్న మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటాడు. యార్డులో అతన్ని అందరూ దొర అంటారు. దొర చేత ఇటుకలు మోయించడం వాళ్ళకొక వేడుక.

పెడనలో ఉన్నన్నాళ్ళూ అతనికి ఏ లోటూ లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నీడపట్టున, చేతి వేళ్ళతోనే పోగును తడిమి చూసుకుంటూ సాదా చీరలు నేసేవాడు. కళ్ళు చేయలేని పని వేళ్ళు చేసేవి. చీరలు కొనేవాళ్ళు తగ్గి మగ్గం మూలపడ్డాక, ఇద్దరు పిల్లల్ని హాస్టల్లో వేసి ఈ యార్డుకు వచ్చారు. జీవితమంతా ఇంటి చూరు కింద గడిపిన మనిషి ఒక్కసారిగా కొండపల్లి ఎండలోకి వచ్చి పడ్డాడు.

మొదటి రోజు పొద్దున యార్డు గేటు దగ్గర అతను చేసిన పని శివపార్వతికి బాగా గుర్తు. మిగతా ఆడవాళ్ళ చొక్కాలు చూసి, తన ఒంటి మీద చొక్కా విప్పి ఆమె చేతికిచ్చాడు. పెళ్ళిలో ఆమె మేనత్తలు నల్లపిల్లకు తెల్లమొగుడు దొరికాడని పకపకా నవ్విన మాట అతను విన్నాడు. ఆనాటి నుంచీ ఆమె రంగు ఆమెకొక దిగులనీ, దాన్ని కాపాడే బాధ్యత తనదనీ అనుకుంటూ వచ్చాడు. ఆమె ఎప్పుడూ అలా అనుకోలేదు. అయినా మొగుడు నలుగురిలో చొక్కా విప్పి ఇస్తే ఏ ఆడదానికి ముద్దుగా ఉండదు? తొడుక్కుంది.

తొలి వేసవికే అతని భుజాలు, మెడ కమిలి పొరలు పొరలుగా ఊడాయి. తర్వాత ఎడమ చెవి అంచున చిన్న పొక్కు లేచింది. చెక్కు కట్టేది, ఊడేది, కాస్త నెత్తురు వచ్చేది, మళ్ళీ చెక్కు కట్టేది. అంకమ్మరావు దానికి పసుపు అద్దాడు. అతని తల్లి మాణిక్యమ్మ పెడన నుంచి వచ్చి చూసి, సర్పి అని తేల్చి, ఎవరి చేతో ఎర్రమట్టి పూయించింది. మేస్త్రి లాజరు చెప్పాడని సున్నం కూడా రాశారు. మందులన్నీ అయ్యాయి గానీ ఆ పుండును డాక్టరుకు చూపించాలని ఒక్కరికీ తోచలేదు. నొప్పి లేదు కదా అన్నాడు అంకమ్మరావు. నొప్పి లేని పుండుకు భయపడడం యార్డులో ఎవరికీ అలవాటు లేదు.

అలా ఏడాది గడిచాక, పటమట నుంచి ఒక క్లబ్బు వాళ్ళు యార్డుకు వచ్చారు. ఎండలో పనిచేసేవాళ్ళకు చర్మ కాన్సర్ మీద అవగాహన కల్పిస్తారట. వాళ్ళకు షామియానా నీడ, కుర్చీలు, చల్లటి నీళ్ళ సీసాలు ఏర్పాటయ్యాయి. అవగాహన కావలసినవాళ్ళను మిట్టమధ్యాహ్నం ఇటుకల వరసల మధ్య ఎండలో నిలబెట్టారు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది, ఎండలో నిలబడడం కూడా అంతసేపూ సాగింది. ఆ సంగతి ఎవరికీ సిగ్గుగా అనిపించలేదు. చివరికి రాజేశ్వరి గారనే డాక్టరమ్మ ఒక్కతే మైకు వదిలేసి కూలీల మధ్యకు వచ్చింది.

నల్లటి ఒళ్ళు కొంత గొడుగులా కాపాడుతుంది గానీ పూర్తిగా కాదని ఆమె చెప్పింది. నెల దాటినా మానని పుండు, రంగో ఆకారమో మారే మచ్చ, పాత కాలిన గాయం మీద లేచే పుండు, అరికాలిలో కొత్తగా వచ్చిన నల్ల మచ్చ, వీటిలో ఏది కనిపించినా నొప్పి ఉన్నా లేకపోయినా చూపించుకోమంది. మధ్యలో అంకమ్మరావు మీద చూపు పడి మాట ఆపేసింది. దగ్గరికి వెళ్ళి చెవి పట్టుకు చూసింది. పక్కన నిలబడ్డ శివపార్వతిని ఎగాదిగా చూసింది.

"నువ్వు వేసుకున్న చొక్కా ఎవరిదమ్మా?"

"ఆయనదేనండీ."

డాక్టరమ్మ అతని కమిలిన భుజాల వంక చూసి, తను పనిచేసే పెద్దాసుపత్రికి చీటీ రాసి ఆమె చేతికిచ్చింది. శివపార్వతికి తల తీసేసినట్టయింది.

విజయవాడ పెద్దాసుపత్రిలో ముక్క కోసి పరీక్షకు పంపితే కాన్సరే అని తేలింది. ఇంకా మెడలోకి పాకలేదు, అదే అదృష్టమన్నారు. సగం చెవి తీసేశారు. కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ ఆలుమగలిద్దరినీ కూచోబెట్టి చెప్పింది. ఇతని చర్మానికి ఎండను ఆపే శక్తి బొత్తిగా లేదు, ఎండలో ఉంటే ఇంకోచోట మళ్ళీ వస్తుంది, ఈసారి చెవితో పోతుందన్న హామీ లేదు. నీడలో పని చూసుకోవాలి. బయట అడుగుపెడితే పొడుగు చేతుల చొక్కా, చెవులు, మెడ కప్పే వెడల్పు అంచు టోపీ, నల్ల కళ్ళద్దాలు, రెండు గంటలకోసారి క్రీము ఉండాలి. క్రీము ట్యూబు కూడా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి అంకమ్మరావు ఆ ట్యూబు శివపార్వతికి ఇచ్చేశాడు. తెల్లటివాడికి తెల్లబడే క్రీమెందుకని నవ్వాడు. అది తెల్లబడడానికి కాదని ఆమె మొత్తుకుని పూయిస్తే, ఆ మొదటిరోజే లాజరు మేస్త్రి దొరగారు పౌడరేసుకొచ్చారని పుల్లవిరుపుగా అన్నాడు. చొక్కా తొడుక్కుని చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకున్న రోజున, ఇక చీర కూడా కట్టుకోమన్నారు. సగం చెవి పోగొట్టుకున్నప్పుడు చిన్నబోని మనిషి, ఆ మాటకు చిన్నబోయాడు. మర్నాటి నుంచి మళ్ళీ బనీనే. చొక్కా మళ్ళీ శివపార్వతి ఒంటి మీదికే చేరింది. తొడుక్కోనని ఆమె మొండికేస్తే, ఇద్దరమూ మాడిపోవడం ఎందుకని ఆమె మీదే విసుక్కున్నాడు.

మొగుడు మారడని తెలిశాక శివపార్వతి యజమాని గోపీనాథ్ గారి దగ్గరకు వెళ్ళింది. యార్డు మొత్తానికి నీడ ఉన్నది ఒక్క మిషను షెడ్డులోనే. బూడిద, సిమెంటు, ఇసుక కలిపి అచ్చులోకి వదిలే చోటు అది. అక్కడ పనిచేసే మనిషి మానేసిందని ఆమెకు తెలిసింది. ఆ పని తన మొగుడికి ఇప్పించమని అడిగింది. డాక్టరమ్మ చెప్పినదంతా వరస తప్పకుండా అప్పజెప్పింది. ఇంకోసారి వస్తే మనిషే దక్కడంది.

గోపీనాథ్ గారు చెడ్డవాడైతే ఆమెకు తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆపరేషనప్పుడు కారు పంపిన మనిషాయన. పూర్తిగా విన్నాడు.

"కళ్ళు సరిగా ఆననివాణ్ణి తిరిగే మిషను దగ్గర ఎలా పెట్టమంటావమ్మా? చెయ్యి పోతే ఆ పాపం నాదే గదా."

అలాగైతే ఇటుకల వరసల మీద ఒక రేకు పందిరి వేయించినా చాలునంది. ఇటుక ఆరేదే ఎండకని ఆయన నవ్వాడు. తర్వాత వరమిచ్చేవాడిలా చెప్పాడు.

"పోనీ ఒక పని చెయ్యి. షెడ్డులోకి నువ్వు రా. రేపట్నుంచే."

ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎండ మొగుణ్ణి తింటోందని వస్తే నీడ తనకు ఇచ్చాడు. అక్కర్లేదని అనబోయి ఆగింది. ఆ పనిలో కూలి ఎక్కువ, పిల్లల హాస్టలు ఫీజు కట్టాలి. ఆగినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంట్లో అడిగి చెబుతానంది.

ఈ మాట చెబితే అంకమ్మరావుకు పండగే అయింది. నాలుగిళ్ళ వాళ్ళకూ చెప్పి వచ్చాడు. తనకు ఇమ్మని అడిగితే నీకు ఇచ్చారా అని నొచ్చుకుంటాడేమోనని ఆమె భయపడింది. ఆ ఊసే అతనికి లేదు. ఊరుకోలేక, నీ ప్రాణం కోసం వెళితే ఇలా అయిందని ఆమె ఏడ్చింది. చచ్చేవాడికి ఎండైనా నీడైనా ఒకటేననీ, డాక్టర్లు అలాగే భయపెడతారనీ తేలిగ్గా తీసిపారేశాడు.

మర్నాడు పొద్దున ఆమె ఊరుకోలేదు. గేటు దగ్గర అందరూ చూస్తుండగా చొక్కా అతని చేతులకు తొడిగి, మెడ దాకా గుండీలు తనే పెట్టింది. లాజరు మేస్త్రి ఏదో అనబోతే, ఆమె చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. ఈ ఒక్కసారికి తనే నెగ్గాననుకుంది. షెడ్డులోకి వెళ్ళి, దుమ్ములో దగ్గుకుంటూ బూడిద ఎత్తిపోస్తుంటే, ఎండలో నీలం గళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ గళ్ళు చూసుకుంటూ పనిచేసింది.

ఎండ నడినెత్తికి రాకముందే అంకమ్మరావు షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒంటి మీద బనీనే ఉంది. ఎర్రగా కమిలిన చేతుల్లో చొక్కా మడతపెట్టి పట్టుకున్నాడు. మిషను మోతలో వినిపించాలని దగ్గరికొచ్చి చెప్పాడు.

"ఇక్కడ దుమ్మెక్కువ, నువ్వే తొడుక్కో. ఇన్నాళ్ళూ ఎండ కదా, ఇక నీ రంగు నీకొస్తుంది చూడు."

మనస్ఫూర్తిగా నవ్వాడు. ఆ నవ్వుకు కింది పెదవి మధ్యలో చెక్కు పగిలి సన్నగా నెత్తురు చిమ్మింది. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆ చెక్కు, మీసం నీడన పడి ఆమెకు ఇప్పటిదాకా కనిపించలేదు. ఈ మనిషి ప్రేమ మీద శివపార్వతికి అసహ్యం పుట్టింది. అతని మీద కాదు, అతని ప్రేమ మీద.

"మీ పెదవికి ఏమైందండీ?" అంది.

అతను నాలుకతో నెత్తురు తుడుచుకుని, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి, చొక్కా ఆమె భుజం మీద వేసి ఎండలోకి నడిచాడు. వెనక నుంచి బూడిద పొయ్యమని మిషను మీది మనిషి కేకేస్తున్నాడు. ఆమె రెండోసారి పిలిచింది, ఆ మోతలో అతనికి వినిపించలేదు.