తొమ్మిదో ఎపిసోడ్ మీద కత్తిపీట అభిప్రాయం

కోళ్ళ ఫ్యాక్టరీ కోతహాల్లో ఆమెని అందరూ కత్తిపీట అనేవాళ్ళు. గంటకి నాలుగు వందల కోడితొడలు కీలు దగ్గర టకటకా విడదీసే చెయ్యి ఒక కారణం. ఆ చేతికంటే పదునైన నోరు ఇంకో కారణం. ఆ పేరు ఆమెకి ఎంత నచ్చిందంటే, ఫోన్‌లో యానిమే అనే జపాను బొమ్మల సీరియళ్ళ మీద అభిప్రాయాలు రాయడం మొదలుపెట్టినప్పుడు వేరే పేరు కోసం వెతుక్కోలేదు.

ఆ సీజన్‌లో వారం వారం మూడు సీరియళ్ళు చూస్తోంది. ‘ఉప్పు ఓడ’ గురించి, "మూడు వారాలైంది, ఓడ అంగుళం కదల్లేదు, డైలాగులు మాత్రం తెరచాప ఎత్తుకుని పోతున్నాయి" అని రాసింది. ఆడపిల్లల ఫుట్‌బాల్ సీరియల్ గురించి, "ఆ గోల్‌కీపర్ పిల్ల ఏడుస్తూ బంతి పట్టుకుంటే నేను ఫ్యాక్టరీ బస్సులో ముక్కు చీదుకున్నాను. పక్క సీటావిడ జలుబా అని మాత్ర ఇచ్చింది" అని రాసింది. ఆరువేల మంది చదివేవాళ్ళు. వాళ్ళలో సగంమంది ఆమె తిట్లకోసమే వచ్చేవాళ్ళు.

మూడోది ‘వంతెన కాపరి’. కత్తి పట్టుకుని ఒంటరిగా వంతెన కాసే మనిషి కథ. తొమ్మిదో ఎపిసోడ్‌లో అతను నలభైమందిని నరుకుతాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, కత్తిపీట గోడకి జారగిలబడి ఇలా రాసింది:

"రోజూ కోసేదాన్ని కాబట్టి చెప్తున్నా. కత్తి ఎముకలో ఇరుక్కుంటుంది. పిడి జారుతుంది. పదోవాడి దగ్గరికొచ్చేసరికి భుజం చచ్చుబడుతుంది. నిజంగా నలభైమంది మీద పడితే ఏ మొనగాడైనా మొదటి నిమిషంలో లాగు తడుపుకుంటాడు, రెండో నిమిషంలో చస్తాడు. ఇక చివర్లో ఆ నవ్వొకటి! అంత రక్తం చూశాక ఎవడికీ నవ్వు రాదు. ఇది రాసినవాడు జన్మలో ఒక కోడిని కూడా కోసుండడు."

సాయంత్రానికి ఆ సీరియల్ అభిమానులంతా ఆమె మీద విరుచుకుపడ్డారు. ఆమె చెల్లెలు మిషను మీద యూనిఫారాలు కుడుతూ, పక్కన పెట్టుకున్న ఫోన్‌లోంచి ఒక్కొక్కటే చదివి వినిపించింది.

"అక్కా, ఈ ‘వంతెన తమ్ముడు’ అనేవాడు మళ్ళీ రాశాడే. నిన్ను కనుక్కుంటాడట. నోరు చీరేస్తాడట."

"చీరనీ. కుట్టడానికి నువ్వున్నావుగా."

చెల్లెలు నవ్వలేదు. "నీకన్నీ వేళాకోళమే. చచ్చినవాళ్ళమీద కూడా జోకులెందుకే?"

"బొమ్మలే కదే! బొమ్మలకి అమ్మానాన్నా ఉంటారా?" అంది కత్తిపీట.

వంతెన తమ్ముడు అనేవాడు తన ఫ్యాక్టరీలోనే ఉన్నాడని ఆమెకి తెలీదు. కోల్డ్ స్టోరేజీలో సరుకెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే కుర్రాడు అతను, కొత్తగా చేరాడు, కోతహాలు వాళ్ళ పేర్లు ఇంకా తెలీవు. ఒకసారి మొదలుపెడితే ఆగకుండా మాట్లాడతాడని అతన్ని జనరేటర్ అనేవాళ్ళు. సోమవారం భోజనాల దగ్గర, కత్తిపీట అనే ఒకడు తన సీరియల్‌ని ఎలా తూలనాడాడో అందరికీ చెప్తున్నాడు. కత్తిపీట పక్కబల్ల మీద పనిచేసే పెద్దాయన, ఆమె బాబాయ్ అని పిలిచే మనిషి, నిమ్మళంగా డబ్బా మూత పెడుతూ, "ఒకడు కాదోయ్, మా అమ్మాయే" అన్నాడు. గొప్పగానే అన్నాడు పాపం.

ఆమె అప్పుడు చేతులు కడుక్కునే వరండాలో ఉంది. స్టీలు కుళాయిలు వరసగా ఉంటాయక్కడ, నేలంతా నురగ. నడుముకి బెల్టు, బెల్టుకి కత్తి పదును పెట్టుకునే ఇనపకడ్డీ. కత్తులు లోపలే వదిలి రావాలి గానీ, కడ్డీ గురించి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

జనరేటర్ వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో ఫోన్. ఆమె రాసినదంతా పైకి చదివాడు. లాగు తడుపుకుంటాడు అన్న చోట ఆగి, ఆ ముక్క మళ్ళీ చదివాడు.

"మా అన్నని ఏడుగురు కొట్టారు," అన్నాడు. "బస్టాండులో. పట్టపగలు. అందరూ చూస్తూ నిలబడ్డారు. ఒక్కడంటే ఒక్కడు అడ్డం రాలేదు. అలా కొట్టి కొట్టి చంపేశారు. నేను ఆ బొమ్మ ఎందుకు చూస్తానో నీకు తెలుసా? ఒక్కడైనా, బొమ్మలోనైనా, నిలబడి గెలుస్తాడని చూస్తాను. నువ్వేం రాశావు?"

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. నాకు తెలీదు బాబూ అన్నా సరిపోయేది. ఆరు నెలల తర్వాత కూడా ఆ క్షణం ఆమె మెడకి చుట్టుకునే ఉంది. కానీ పదిమంది చూస్తున్నారు, ఆ పదిమందీ ఆమె ఏమంటుందా అని ఎదురుచూస్తున్నారు. నాలిక తనంతట తనే కదిలింది.

"మరి తడుపుకోలేదా?" అంది.

అతను ఆమె జుట్టు పట్టుకుని మొహాన్ని కుళాయికేసి కొట్టాడు. పై పెదవి రెండుగా చీలింది. రెండోసారి కొట్టబోతుంటే ఆమె చెయ్యి బెల్టు దగ్గరికి పోయింది. కడ్డీ మొదటి దెబ్బ అతని మోచేతి మీద పడింది. జుట్టు వదిలేశాడు. రెండో దెబ్బ దవడ మీద. లోపల ఏదో పుటుక్కుమంది. కీలు విడిపోయే చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు, రోజుకి మూడువేలసార్లు వింటుంది. అతను తెల్లబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అక్కడితో అయిపోయింది. కానీ ఆమె ఆపలేదు.

చెయ్యి అడ్డం పెడితే వేళ్ళమీద కొట్టింది. చెయ్యి తీసేస్తే చెవిమీద కొట్టింది. అతను పక్కకి ఒరిగితే వీపు మీద, పాకబోతే మోకాలి వెనక. నురగ గులాబీ రంగుకి తిరిగింది. ఒక పన్ను నీళ్ళు పోయే జాలీ దాకా దొర్లుకుంటూ పోయి ఆగింది. అలసట రాలేదు. భుజం చచ్చుబడలేదు. నిన్న తను రాసినవేవీ జరగలేదు. ఒళ్ళు దూదిలా తేలిపోయింది. బాబాయ్ వెనకనించి నడుం పట్టుకుని లాగితే ఆయన చేతిని కొరికింది.

"అమ్మాయ్! చచ్చిపోతాడే! ఆపు!" అని ఆయన ఏడుస్తున్నాడు.

ఆయన ఏడుపుతోపాటు ఇంకో చప్పుడు కూడా వినిపించింది. ఎవరో నవ్వుతున్నారు. చీలిన పెదవి నొప్పి పెట్టాక గానీ అది తన నవ్వేనని ఆమెకి తెలీలేదు.

జనరేటర్ బతికాడు. దవడ రెండుచోట్ల విరిగింది, తీగెలతో బిగించి కట్టారు. కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ ముడవలేదు. ఎడమ చెవికి వినికిడి పోయింది. ముందు చెయ్యి చేసుకున్నది అతనే కాబట్టి పోలీసులు ఆమెని ఆ సాయంత్రమే ఇంటికి పంపారు. ఉద్యోగం మాత్రం పోయింది.

ఆ గొడవంతా ఎవడో వీడియో తీశాడు. ఇంకెవడో దానికి వంతెన కాపరి యుద్ధం పాట అతికించాడు. ఆరువేలమంది మూడు రోజుల్లో నలభైవేలమంది అయ్యారు. "ఇదీ మా కత్తిపీట!" "పన్నెండు దెబ్బలు, ఒక్కటీ గురి తప్పలేదు!" అని రాస్తున్నారు. ఆమె ఆ వీడియో ఒక్కసారే చూసింది. తన నవ్వు కనపడిన చోట ఫోన్ బోర్లించింది. మళ్ళీ తీసి ఇలా రాసింది:

"తొమ్మిదో ఎపిసోడ్ గురించి నేను రాసినదాంట్లో తప్పుంది. ఆ నవ్వు అబద్ధం కాదు. వస్తుంది. నాకు వచ్చింది. మీరు మెచ్చుకుంటున్నది దాన్నే. సిగ్గుపడండి, నేనూ పడుతున్నాను."

దానికీ చప్పట్లు కొట్టారు. పేజీ మూసేసింది.

చెల్లెలు కూడా ఆ వీడియో చూసిందని మర్నాడు తెలిసింది. చెల్లెలు అద్దం ముందు జడ వేసుకుంటుంటే, చిక్కు తీద్దామని కత్తిపీట వెనకనించి దువ్వెన అందుకోబోయింది. చెల్లెలు భుజాలు దగ్గరికి ముడుచుకుని తల పక్కకి తిప్పేసుకుంది. కావాలని కాదు. దెబ్బ పడుతుందనుకునే పిల్లలు అలా చేస్తారు.

"నేనేనే," అంది కత్తిపీట.

"తెలుసక్కా," అంది చెల్లెలు. కానీ దువ్వెన ఇవ్వలేదు.

కేసు విచారణ రోజున వకీలు ఆమెకి మరీమరీ చెప్పాడు. "ప్రాణభయంతో కొట్టానని చెప్పండి, చాలు. దెబ్బలు లెక్కపెట్టకండి." కోర్టు హాలు బయట బల్ల మీద జనరేటర్, వాళ్ళ అమ్మా కూర్చుని ఉన్నారు. అతను మాట్లాడలేడు, మెతుకు నమలలేడు. చిక్కి సగమయ్యాడు. ఆమెని చూడగానే గోడకేసి తిరిగాడు.

తల్లి మాత్రం లేచి వచ్చింది. చిన్న మనిషి, చేతిలో మందుల సంచి. ఆవిడ తిడుతుందని, కొడుతుందని కత్తిపీట సిద్ధపడే నిలబడింది. కొడితే బావుండుననిపించింది.

"ఆ వీడియో నాకు చూపించారమ్మా," అంది తల్లి. "దాంట్లో పాట పెట్టారు. మావాడి నోరు కదుల్తోంది గానీ ఏమంటున్నాడో వినపడలేదు. వాణ్ణి రాసి చూపించమంటే చూపించడు. నువ్వు పక్కనే ఉన్నావు కదా. ఏమన్నాడు?"

అప్పటిదాకా ఆ మాట ఆమెకి గుర్తే లేదు. అడగ్గానే ఆ నురగ, ఆ జాలీ, విరిగిన దవడలోంచి వచ్చిన ఆ ముద్దమాట, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆవిడ కళ్ళు తన మొహంమీంచి కదలడం లేదు.

"‘అన్నా’ అన్నాడండీ," అంది. "రెండుసార్లు అన్నాడు. నాకు వినపడింది. వినపడ్డా కొట్టాను."

తల్లి తల ఊపింది. సంచి ఈ చేతినించి ఆ చేతికి మార్చుకుంది. వెనక్కి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుని, అతని బాగున్న చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

లోపలికి పిలిచినప్పుడు వకీలు చెప్పమన్నది ఆమె చెప్పలేదు. "మొదటి రెండు దెబ్బలూ భయంతో కొట్టాను. మిగతా పదీ భయంతో కాదు" అంది. వకీలు ఫైలు మూసేసి తల పట్టుకున్నాడు. ఎనిమిది నెలలు జైలు వేశారు. చెల్లెలు మొదటి నెలంతా చూడ్డానికి రాలేదు. రెండో నెలలో వచ్చి, ములాఖత్ గది జాలీకి అటువైపు కూర్చుని, లేచేముందు వేళ్ళు రెండు లోపలికి పెట్టింది. కత్తిపీట వాటిని పట్టుకోవడానికి భయపడింది. పట్టుకోలేదు. పక్కన చెయ్యి ఆనించి ఉంచింది.